టీవీలో తెలియని వేగం: అలెన్‌లో, బోస్టన్‌లో చూసిన ఫిగర్ స్కేటింగ్

టీవీలో ఫిగర్ స్కేటింగ్ ఎంత చూసినా స్కేటర్ల వేగం మాత్రం అంతుపట్టదు. కెమెరా వాళ్ళతో పాటే తిరుగుతుంది కాబట్టి మనిషి నిలకడగా ఉన్నట్టు, వెనక ఐస్ చుట్టూ ఉండే బోర్డులు జరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. రింక్ పక్కన కూర్చుని చూస్తే సంగతి వేరు. అవతలి మూలన కనిపించిన మనిషి అంతలోనే మన ముందు నుంచి దూసుకుపోతాడు. బ్లేడు ఐస్‌ని కోస్తున్న చప్పుడు పాటని దాటుకుని మన చెవిన పడుతుంది. ఆ చప్పుడు కోసమైనా ఒక్కసారి హాలుకి వెళ్ళి చూడమని తెలిసినవాళ్ళందరికీ చెబుతుంటాను. చెప్పగానే వాళ్ళు అడిగేవి మూడు: ఏ పోటీకి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి. వాటికి నాకు తెలిసినంతలో జవాబు ఇది.

మేం ఉండేది డాలస్ దగ్గర ప్లేనోలో. మా అమ్మాయి ఇక్కడే స్కేటింగ్ నేర్చుకుంటోంది. 2023లోనూ 2024లోనూ స్కేట్ అమెరికా పోటీలు మాకు పక్క ఊరైన అలెన్‌లోనే జరిగాయి. 2024 అక్టోబరులో అక్కడ చూసి, ఆరు నెలలు తిరక్కుండానే 2025 మార్చిలో బోస్టన్‌కి ప్రపంచ చాంపియన్‌షిప్ చూడటానికి వెళ్ళాం. రెండుచోట్లా కొందరు స్కేటర్లు వాళ్ళే. హాళ్ళు, జనం, ఖర్చు మాత్రం ఎక్కడికక్కడే.

ముందు అలెన్ సంగతి. ఏటా వేర్వేరు దేశాల్లో గ్రాండ్ ప్రీ పేరుతో జరిగే పోటీల వరసలో స్కేట్ అమెరికా ఒకటి. పురుషుల్లో, మహిళల్లో పన్నెండేసి మందిని మాత్రమే పిలుస్తారు, ఇద్దరు కలిసి ఎత్తడాలు, విసరడాలు చేసే పెయిర్స్‌లో, జంట నాట్యంలాంటి ఐస్ డాన్స్‌లో ఇంకా తక్కువ. అంటే ఒక్కో పోటీ రెండు గుంపులతో అయిపోతుంది. మధ్యలో ఒకసారి యంత్రంతో ఐస్ నున్నగా చేస్తారు, ఆ కాసేపట్లో పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్ళి రావచ్చు. చూడటం అలవాటు లేనివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు అలిసిపోకుండా చూడగలిగే నిడివి అది. ఇక హాలు, సెవెంటీఫైవ్ హైవే పక్కన అలెన్ అమెరికన్స్ హాకీ జట్టు ఆడే చోటు. ఆరు వేల పైచిలుకు సీట్లు, అంతే. ఎక్కడ కూర్చున్నా స్కేటర్ ముఖం కనిపిస్తుంది.

మేం కింది వరసల్లో, బోర్డుకి బాగా దగ్గరగా కూర్చున్నాం. నన్ను అడిగితే పోటీ కంటే ముందు ఆరు నిమిషాల వార్మప్ చూడాలి. ఆరుగురు స్కేటర్లు ఒకేసారి ఐస్ మీదికొస్తారు. ఒకరు వెనక్కి జారుతూ జంప్‌కి సిద్ధమవుతుంటే ఇంకొకరు ఆ దారికి అడ్డం రాకుండా చివరి క్షణంలో పక్కకి ఒంపు తిరుగుతారు. ఎవరూ ఎవరినీ పిలవరు, అరవరు, అంతా చూపులతోనే. మధ్యమధ్యలో బోర్డు దగ్గరికొచ్చి కోచ్ చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుంటారు, ముక్కు తుడుచుకుంటారు, కోచ్ రెండు ముక్కలు చెప్తే తలూపి మళ్ళీ వెళ్ళిపోతారు. టీవీలో ఈ ఆరు నిమిషాల్లో సగం ప్రకటనలు వేస్తారు. జంప్ ఎక్కడ తప్పుతోందో, ఎవరు తడబడుతున్నారో ఇక్కడే తెలిసిపోతుంది. మా అమ్మాయి ఈ వార్మప్‌లోనే ఎక్కువ నేర్చుకుంది.

ఆ పోటీలో పెయిర్స్ గెలిచింది జపాన్ జంట రికు మియురా, ర్యుయిచి కిహారా. ఆమె బాగా పొట్టి, అతను ఆమె కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా ముందు నుంచి పోతున్నప్పుడు వాళ్ళిద్దరి బ్లేళ్ళ చప్పుడు రెండుగా కాక ఒకటిగా వినిపించింది. కిహారా ఆమెని విసిరినప్పుడు ఆమె గాల్లో ఎంత దూరం వెళ్ళిందంటే, దిగే చోటు కోసం నేను తల తిప్పి వెతకాల్సి వచ్చింది. టీవీలో అదంతా ఒక్క ఫ్రేములోనే ఇరుక్కుపోతుంది. మహిళల్లో వకాబా హిగుచికి అది మొదటి గ్రాండ్ ప్రీ గెలుపు. పురుషుల్లో ఇలియా మాలినిన్ గెలిచాడు, ఐస్ డాన్స్‌లో బ్రిటన్ జంట ఫియర్, గిబ్సన్ గెలిచారు.

అలెన్‌లో మళ్ళీ ఎప్పుడైనా పోటీ పెడితే, వెళ్ళేవాళ్ళకి బస గురించి బెంగ అక్కర్లేదు. ప్లేనో, ఫ్రిస్కో, అలెన్‌లో మనవాళ్ళ ఇల్లు లేని కాలనీ ఉండదు, చుట్టం లేకపోతే స్నేహితుడైనా ఉంటాడు. పోటీ అయిపోయాక రాత్రి వేడివేడిగా బిర్యానీయో దోసెలో దొరికే చోట్లు కారులో కాసేపట్లోనే ఉంటాయి. టెక్సాస్ ఎండలోంచి వచ్చినవాళ్ళకి లోపలి చలి మాత్రం గట్టిగా తెలుస్తుంది. కింది వరసల్లో కూర్చుంటే స్వెట్టరు చాలదు, పైన జాకెట్ ఉండాలి, పాదాలకి మందపాటి మేజోళ్ళు ఉండాలి.

బోస్టన్‌కి వచ్చేసరికి అన్నీ పెద్దవే. ప్రపంచ చాంపియన్‌షిప్ మార్చి 26 నుంచి 30 దాకా టీడీ గార్డెన్‌లో జరిగింది. 2016లోనూ ఇక్కడే జరిగింది. పదిహేడు వేలమందికి పైగా పట్టే హాలు, సరిగ్గా నార్త్ స్టేషన్ మీద కట్టారు. రైలు దిగి మెట్లెక్కితే గేటు. కారు జోలికి పోకండి, ఆరెంజ్ లైను, గ్రీన్ లైను రెండూ అక్కడికే వస్తాయి.

బస దగ్గర మేం చాలా ఆలోచించాం. మా అక్కా బావగారూ వెస్ట్‌బరోలో ఉంటారు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు బాగా ఉన్నారు, ఆష్‌లాండ్‌లో శ్రీలక్ష్మీ అమ్మవారి గుడి కూడా దగ్గరే. "ఇల్లుండగా హోటలేంటే?" అని అక్క కోప్పడింది. అక్కడి నుంచి రైలు మాత్రం సౌత్ స్టేషన్‌కి పోతుంది, నార్త్ స్టేషన్‌కి కాదు. రెండిటికీ మధ్య నేరుగా రైలు లేదు. చాలామంది సౌత్ స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ రెడ్ లైను ఎక్కి, మళ్ళీ ఆరెంజ్ లైనుకి మారుతుంటారు. అంత తిరుగుడు అక్కర్లేదు. బ్యాక్ బే స్టేషన్‌లో దిగిపోతే అక్కడే ఆరెంజ్ లైను, ఒక్క మార్పుతో గార్డెన్ కిందికి చేరతారు. పగటి పోటీ ఒక్కటే చూసే రోజున ఈ దారి హాయిగా ఉంటుంది. రాత్రి పోటీ ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది, పిల్లల్ని వెంటేసుకుని ఆఖరి రైలు కోసం పరిగెత్తడం నాకు నచ్చలేదు. అందుకని రెండు పోటీలున్న రోజులకి ఊళ్ళో హోటల్ తీసుకుని, మిగతా రోజులు అక్క ఇంట్లోనే ఉన్నాం. అక్క వాళ్ళింట్లో తిన్న పప్పు, చారు లేకపోతే ఆ చలిలో అన్ని రోజులు లాక్కురాలేకపోయేవాళ్ళం.

గార్డెన్ పక్కనే హోటళ్ళున్నాయి, నడిచి గదికి చేరొచ్చు, కానీ పోటీల వారంలో వాటి ధర ఆకాశంలో ఉంటుంది. మేం దిగింది కొంచెం దూరంలో. గది శుభ్రంగానే ఉంది. బుక్ చేసినప్పుడు కనిపించని "సౌకర్యాల రుసుము" ఒకటి ఖాళీ చేసే రోజున బిల్లులో వేశారు. వివరం అడిగితే వ్యాయామశాల, వైఫై అన్నారు. పన్నులు, రుసుములు కలిపి రాత్రికి మొత్తం ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి, ఈ ఊళ్ళో అది చాలా అవసరం.

లోపలికి పెద్ద బ్యాగులు తేనివ్వరు, చేతిలో పట్టేంత చిన్న పర్సు మాత్రమే. జాకెట్ జేబులు ఎన్ని ఉంటే అంత మంచిది. పగటి పోటీ అయిపోగానే అందర్నీ బయటికి పంపి సాయంత్రం మళ్ళీ కొత్తగా లోపలికి తీసుకుంటారు. ఆ మధ్య వేళలో పక్క భవనంలోని హబ్ హాల్‌లో తిందామంటే జనం కిటకిట. మేం మాత్రం నడుచుకుంటూ నార్త్ ఎండ్‌కి వెళ్ళిపోయాం, పది నిమిషాలు పడుతుంది. ఇటాలియన్ల పేట, మాంసం ముట్టనివాళ్ళకి కూడా వేడి పాస్తా, సూపు దొరుకుతాయి. హాల్లో కొనే తిండి కంటే అన్నివిధాలా మేలు.

సీట్ల విషయంలో ఇక్కడ మేం రెండు రకాలూ చూశాం. పై అంతస్తు బాల్కనీలో మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని అక్కడికి ఎక్కించకండి. కాని ఐస్ డాన్స్‌కి అదే సరైన చోటు. అమెరికా జంట మ్యాడిసన్ చాక్, ఎవన్ బేట్స్ వరసగా మూడోసారి ప్రపంచ విజేతలయిన ఫ్రీ డాన్స్‌ని, అంటే ఐస్ డాన్స్ పోటీలో పొడవైన రెండో భాగాన్ని, మేం పైనుంచే చూశాం. ఐస్ మీద వాళ్ళు గీసే ఒంపులు, ఒక మూల నుంచి ఇంకో మూలకి వాళ్ళు నడిపే దారి ఒక ముగ్గులా కళ్ళముందు పరుచుకుంటుంది. కింద కూర్చున్నవాళ్ళకి ఆ ఆకారం కనిపించదు. జంపులకి మాత్రం కిందే కూర్చోవాలి. జంప్ ఎత్తు, దిగినప్పుడు ఎగిరే ఐస్ పొడి పైనుంచి చూస్తే తెలియవు. పొడవాటి వైపు, వీలైతే జడ్జిలున్న పక్క తీసుకోండి. స్కేటర్లు నాట్యమంతా ఆ వైపుకే చేస్తారు, ఎదుటి పక్కన కూర్చుంటే వీపులు ఎక్కువ చూడాల్సి వస్తుంది.

మొదటి రోజు హాలంతా నిశ్శబ్దంగా లేచి నిలబడింది. ఆ జనవరి 29న వాషింగ్టన్ దగ్గర విమానం, హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. వాళ్ళలో 28 మంది స్కేటింగ్‌తో సంబంధం ఉన్నవాళ్ళు, ఆరుగురు బోస్టన్ స్కేటింగ్ క్లబ్బు వాళ్ళే. ఇద్దరు పిల్లలు, వాళ్ళ తల్లులు, 1994లో పెయిర్స్ ప్రపంచ విజేతలైన కోచ్‌లు షిష్కోవా, నౌమోవ్. 1961లో అమెరికా జట్టు మొత్తం విమాన ప్రమాదంలో పోయినప్పుడు కూడా ఇదే క్లబ్బు తన వాళ్ళని పోగొట్టుకుంది. స్కేటింగ్ నేర్చుకునే పిల్లల్ని రింక్‌లకి, పోటీలకి తిప్పే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. తెర మీద ఆ ఫొటోలు వస్తుంటే మా అమ్మాయి చెయ్యి వదల్లేకపోయాను.

ఆ వారమంతా ఆ హాల్లో జనం స్కేటర్లని చూసిన తీరు వేరుగా ఉందని నాకనిపించింది. పడినవాళ్ళకి కూడా అంతే చప్పట్లు. షార్ట్ ప్రోగ్రాంలో, అంటే పోటీలో చిన్నదైన మొదటి భాగంలో, ముందు వచ్చేవాళ్ళు పెద్దగా పేరు లేనివాళ్ళు, సగం సీట్లు ఖాళీగా ఉంటాయి. అయినా ఉన్నవాళ్ళు ఏ దేశం అని చూడకుండా ఉత్సాహపరిచారు. జపాన్ నుంచి వచ్చిన అభిమానులు తమ స్కేటర్ల పేర్లు రాసిన బ్యానర్లు పట్టుకుని, ఎదుటి దేశం వాళ్ళకీ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే చూడముచ్చటగా ఉంది. కార్యక్రమం నడుస్తున్నప్పుడు సీట్లలోకి ఎవర్నీ రానివ్వరు, తలుపు దగ్గరే ఆపి ఒక స్కేటర్ ముగించాక వదులుతారు. సినిమా హాల్లో మధ్యలో లేచి తిరిగే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

శుక్రవారం రాత్రి మహిళల ఫ్రీ స్కేట్, అంటే పొడవైన రెండో భాగం. రెండు భాగాల పాయింట్లూ కలిపే విజేతని తేలుస్తారు. పదహారేళ్ళకే స్కేటింగ్ మానేసి, రెండేళ్ళు దూరంగా ఉండి తిరిగొచ్చిన అలిసా లియు అందరికంటే చివర వచ్చింది. బంగారు రంగు దుస్తులు, డిస్కో పాట, ఒక్కో జంప్ దిగేకొద్దీ హాలు ఊగిపోతోంది. పాట అయిపోకముందే అందరం నిలబడ్డాం. ముందున్న వరసవాళ్ళు లేచాక మా అమ్మాయిని సీటు మీద నిలబెట్టాల్సి వచ్చింది. 222.97 పాయింట్లతో గెలిచింది, 2006 తర్వాత అమెరికా మహిళకి దక్కిన మొదటి ప్రపంచ టైటిల్ అది. ఇంత గోల అలెన్‌లో రాదు, అంతమంది గొంతులు కలిస్తేనే వస్తుంది. శనివారం మాలినిన్ ఆరు క్వాడ్లు, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంప్‌లు వేసి, రెండోస్థానంలో ఉన్న కజకిస్తాన్ కుర్రాడు షాయిదొరోవ్ కంటే 31 పాయింట్లకి పైగా ముందు నిలిచాడు. గొప్పగా ఉంది, కాదనను. కానీ గెలుపెవరిదో ముందే తెలిసిపోయిన పోటీ అది.

డబ్బు దగ్గర నా లెక్క ఇదీ. హోటల్లో తగ్గించుకుని సీటు మీద పెట్టండి. మొదటిసారి చూసేవాళ్ళయితే ప్రపంచ చాంపియన్‌షిప్ బాల్కనీ కంటే గ్రాండ్ ప్రీ కింది వరస మేలు. మొత్తం వారానికి కలిపి ఒక టికెట్ కూడా అమ్ముతారు, రోజంతా చూసే ఓపిక ఉంటేనే అది కొనండి. పిల్లలతో వెళ్తే విడివిడిగా కొనుక్కోవడమే నయం.

ఒక్క పోటీకే వీలవుతుందంటే మాత్రం పెయిర్స్ ఫ్రీ స్కేట్ కొనమంటాను. చాలామంది దాన్ని వదిలేసి మహిళల ఫైనల్ కోసం ఎగబడతారు. బోస్టన్‌లో గురువారం రాత్రి మేం మంచి సీట్లలో కూర్చోగలిగింది అందుకే. జర్మనీ జంట హాసే, వొలోదిన్ ఆ రాత్రి ఫ్రీ స్కేట్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆఖరున మియురా, కిహారా వచ్చారు. అలెన్‌లో చూసినంత దూకుడు లేదు, ఒకటి రెండు చోట్ల జాగ్రత్త పడుతున్నారని తెలుస్తూనే ఉంది. ముగించి కోచ్ పక్కన కూర్చుని తెర వైపు చూస్తుంటే మా వరసలో ఎవరూ మాట్లాడలేదు. వీళ్ళ మొత్తం 219.79, జర్మనీ జంటది 219.08. షార్ట్ ప్రోగ్రాంలో సంపాదించిన ఆధిక్యంతో 0.71 తేడాతో బయటపడ్డారు. మళ్ళీ ఎప్పుడైనా ఒకే టికెట్ కొనగలిగితే, నేను కొనేది కూడా అదే.