సివిలైజేషన్ 5లో మొదటి గూఢచారి: దొంగతనానికా, కాపలాకా, రిగ్గింగ్‌కా?

సివిలైజేషన్ 5 రాజ్యాలు కట్టి పోటీపడే కంప్యూటర్ ఆట. 2012లో గాడ్స్ అండ్ కింగ్స్ అనే విస్తరణ ప్యాక్ వచ్చేదాకా ఈ ఆటలో గూఢచారులే లేరు. 2013లో వచ్చిన మరో ప్యాక్ బ్రేవ్ న్యూ వరల్డ్ వాళ్లకు రాయబారి వేషం కూడా కట్టింది. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండూ వేసుకుని, స్టాండర్డ్ వేగంతో ఆడేవాళ్ల కోసం.

మొదటి గూఢచారి కోసం మీరు చేయాల్సిందేమీ లేదు. పోటీలో ఉన్న ఏ ఒక్కరు రినైసాన్స్ యుగంలోకి అడుగుపెట్టినా అందరికీ తలా ఒకడు దొరుకుతాడు. మీరింకా మధ్యయుగంలోనే నలుగుతున్నా సరే. రినైసాన్స్ తర్వాత మాత్రం మీరు స్వయంగా అడుగుపెట్టిన ఒక్కో యుగానికి ఒక్కడు చొప్పున వస్తాడు. ఇంగ్లండ్‌తో ఆడితే ఒకడు అదనం. అంటే చాలాసేపు మీ చేతిలో ఉండేది ఒకడో ఇద్దరో. వాణ్ని పంపడానికి చోట్లు మాత్రం నాలుగు: పరాయి నగరం, సొంత నగరం, సిటీ-స్టేట్ (పోటీలో లేని ఒంటరి నగర రాజ్యం), రాయబారిగా పరాయి రాజధాని.

ఎంచుకునే ముందు టెక్నాలజీలో మీరెక్కడున్నారో చూసుకోండి. వెనకబడి ఉంటే దొంగతనం, ముందుంటే కాపలా. ఈ ఒక్క లెక్క కుదిరితే సగం పని అయిపోయినట్టే.

దొంగతనం సంగతి ముందు. గూఢచారి ప్రయాణానికి ఒక టర్న్ (ఆటలో ఒక వంతు), నిఘా ఏర్పాటుకు మూడు టర్న్‌లు పడతాయి. అసలు దొంగతనం లెక్క మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే మధ్యలో మనసు మార్చుకుని వేరే నగరానికి తోలితే అక్కడిదాకా చేసిన పని పోయి, పైన మరో నాలుగు టర్న్‌లు వృథా. ఏ నగరమైతే త్వరగా పని అవుతుందో గూఢచారుల తెరలోని పొటెన్షియల్ గడి చెబుతుంది. ఆ నగరం ఎంత సైన్స్ పుట్టిస్తుంటే అంత ఎక్కువ. చాలామంది కళ్లు మూసుకుని శత్రువు రాజధాని మీద నొక్కేస్తారు. ఏఐ, అంటే కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థి, కాపలా పెట్టేదీ ఎక్కువగా అక్కడే. రెండో స్థానంలో ఉన్న నగరం పొటెన్షియల్ కాస్త తక్కువైనా, కానిస్టేబులరీ (దొంగల్ని అడ్డుకునే కట్టడం) కట్టకపోతే పని అక్కడే ముందు అవ్వచ్చు. కానిస్టేబులరీ ఉంటే దొంగతనం 25 శాతం నెమ్మదిస్తుంది, దాని మీద పోలీస్ స్టేషన్ పడితే మరో 25.

ఒక ముఖ్యమైన సంగతి: కాపలా గూఢచారి లేని నగరంలో మీవాడు చావడు. దొరికిపోవచ్చు, మీ పేరు బయటపడొచ్చు, సంబంధాలు చెడొచ్చు, ప్రాణం మాత్రం పోదు. దొంగతనంలో ప్రాణం పోయేది అవతల ఇంకో గూఢచారి కాచుకుని ఉన్నప్పుడే. ఒకే నగరంలో మీవాళ్లు వరసగా ఇద్దరు పోయారంటే అక్కడ కాపలా ఉన్నట్టే. మూడోవాణ్ని పంపడం మొండితనం. చచ్చినవాడి బదులు కొన్ని టర్న్‌ల తర్వాత కొత్తవాడు వస్తాడు గానీ మళ్లీ అట్టడుగు రిక్రూట్ హోదాలో. స్పెషల్ ఏజెంట్ దాకా ఎక్కినవాణ్ని అలా పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

లెక్క పూర్తయ్యాక జాబితాలోంచి ఒక టెక్నాలజీ ఎంచుకోమంటుంది. జాబితాలో కనబడేవి అవతలివాడికి ఉండి మీకు లేనివి, అందులోనూ ముందు మెట్లు, అంటే వాటికి ముందు కావలసిన టెక్నాలజీలు, మీరు ఎక్కేసినవి మాత్రమే. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఉదాహరణకు దొంగతనానికి నాలుగు టర్న్‌లు మిగిలాయి, మీరు చదువుతున్న టెక్నాలజీకి ఆరు టర్న్‌లు కావాలి. ఖరీదైన టెక్నాలజీకి మెట్టుగా పనికొచ్చేది ఇంకొకటి మూడు టర్న్‌లలో అయిపోతుందంటే వెంటనే దాని మీదికి మారండి. దొంగతనం పూర్తయ్యేసరికి జాబితాలో ఖరీదైనది చేరుతుంది. ఇలా చూసుకోకపోతే చౌకది ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు. సగం చదివేసిన టెక్నాలజీని దొంగిలించడం కూడా దండగే, తాకనిది తీసుకోండి.

దొరికిపోయినప్పుడు అవతలి నాయకుడు వచ్చి ఇక ఆపుతారా అని అడుగుతాడు. ఆపుతానని మాటిచ్చి మళ్లీ దొరికితే మాట తప్పినవాడి ముద్ర పడుతుంది. పక్కనే సరిహద్దు ఉన్న బలవంతుడి దగ్గర దొంగతనం చేయకపోవడమే మేలు. దూరాన, సముద్రం అవతల ఉన్నవాడైతే కోప్పడినా చేసేది తక్కువ.

ఇక కాపలా. మీరే అందరికంటే ముందుంటే దొంగిలించడానికి అవతల ఏమీ ఉండదు, దొంగలందరి కళ్లూ మీ మీదే ఉంటాయి. గూఢచారి తెరలో మీ నగరాల పొటెన్షియల్ కూడా కనిపిస్తుంది. అందులో పైనున్న నగరంలో మీవాణ్ని కూర్చోబెట్టండి, సాధారణంగా అది రాజధానే. వాడు కాచేది ఆ ఒక్క నగరాన్నే, రాజ్యమంతటినీ కాదు. పట్టుకుని చంపిన ప్రతిసారీ వాడి హోదా పెరుగుతుంది. మిగతా నగరాలకు కానిస్టేబులరీలే దిక్కు. పోలీస్ స్టేషన్లు అన్ని నగరాల్లోనూ కట్టగలిగితే నేషనల్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ అనే కట్టడం తెరుచుకుంటుంది: ఒక గూఢచారి అదనం, ఉన్నవాళ్లందరికీ ఒక హోదా పెంపు. నగరాలు నాలుగైదు ఉన్నవాళ్లు దీన్ని వదులుకోకూడదు. పన్నెండు నగరాలుంటే ఆ ఇటుకలు వేరేచోట పెట్టుకోవచ్చు.

సిటీ-స్టేట్‌లో రెండు పనులు. ఒకటి ఎన్నికల రిగ్గింగ్: గూఢచారిని కూర్చోబెడితే ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ సిటీ-స్టేట్ మీద మీ ప్రభావం పెరిగి, మిగతావాళ్లది తగ్గొచ్చు. నెమ్మదైన పని. ప్రభావం మామూలుగా టర్న్‌కు ఒకటి చొప్పున అరిగిపోతుంటుంది కాబట్టి, 60 దాటి మిత్రుడిగా ఉన్నచోట రిగ్గింగ్ ఆ అరుగుదలకు అడ్డుకట్ట. సున్నా నుంచి 60కి చేర్చడానికి దీన్నే నమ్ముకుంటే మాత్రం ఆట అయిపోతుంది. ఒకే సిటీ-స్టేట్‌లో ఇద్దరు ముగ్గురు దేశాల గూఢచారులుంటే గెలిచేది ఒక్కడే, హోదా ఎక్కువున్నవాడికి అవకాశం ఎక్కువ.

రెండోది తిరుగుబాటు. వేరొకరు మిత్రుడిగా ఉన్న సిటీ-స్టేట్‌ను ఒక్క నొక్కుతో లాక్కోవచ్చు. విజయావకాశం శాతంలో ముందే చూపిస్తారు, 85 దాటదు. ఓడితే గూఢచారి పోతాడు. 50 శాతానికి తిరుగుబాటు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది జూదం తప్ప వ్యూహం కాదు. శాతం పెంచే దారి సులువు: అవతలివాడి ప్రభావానికీ మీ ప్రభావానికీ తేడా తగ్గించండి. 500 బంగారం బహుమతిచ్చి తెర మళ్లీ తెరిచి చూడండి. అంకె 70 దాటితే నొక్కండి. ఇంకో 500 పోస్తే నేరుగానే మిత్రులయ్యేట్టుంటే గూఢచారి ప్రాణం పణంగా పెట్టడమెందుకు? ప్రత్యర్థి ప్రభావం వందల్లో ఉండి, డబ్బుతో అందుకోలేనప్పుడే తిరుగుబాటుకు అసలు విలువ.

రాయబారి పని ప్రపంచ కాంగ్రెస్ (దేశాలన్నీ తీర్మానాల మీద ఓటేసే సభ) వేడెక్కాకే. ఓట్లు కొనాలంటే వాళ్ల రాజధానిలో మీ రాయబారి ఉండాలి, లేకపోతే బేరం తెరలో ఆ వరసే కనిపించదు. గ్లోబలైజేషన్ కనిపెట్టాక ఒక్కో రాయబారికీ మీకు ఒక ఓటు అదనంగా వస్తుంది కాబట్టి, దౌత్య విజయం వైపు వెళ్లేవాళ్లు ఆ టెక్నాలజీకి కొన్ని టర్న్‌ల ముందే దొంగల్నీ కాపలాదార్లనీ అందర్నీ రాయబారులుగా మార్చేయాలి. అంతకుముందు రాయబారి కూర్చున్న కుర్చీ చాలావరకు ఖాళీ కుర్చీయే.

ఐడియాలజీ, అంటే మీ రాజ్యానికి మీరు ఎంచుకునే పాలనా సిద్ధాంతం, కూడా ఈ తూకాన్ని కదిలిస్తుంది. ఆటోక్రసీలోని ఇండస్ట్రియల్ ఎస్పియనేజ్ దొంగతనం వేగాన్ని రెట్టింపు చేస్తుంది. ఆర్డర్‌లో డబుల్ ఏజెంట్స్ కాపలావాడికి అండ, ఫ్రీడమ్‌లో కోవర్ట్ యాక్షన్ రిగ్గింగ్‌కు అండ. గూఢచారుల కోసమే ఐడియాలజీ మార్చుకోనక్కర్లేదు, ఎంచుకున్నదాన్ని బట్టి గూఢచారుల చోట్లు మార్చుకుంటే చాలు.

కాబట్టి ఎంపరర్, ఆపై కష్టం స్థాయిల్లో ఏఐలు ముందే పరుగెడతాయి గనుక మొదటివాడు దొంగ, రెండోవాడు కూడా దొంగే, మూడోవాడు సిటీ-స్టేట్‌కు. ప్రిన్స్ లేదా అంతకంటే తక్కువలో మొదటివాడు రాజధాని కాపలాకు, రెండోవాడు రిగ్గింగ్‌కు. మధ్యలో కింగ్ స్థాయి ఒక్కటే ఇబ్బంది. అక్కడ మొదటి గూఢచారి వచ్చిన టర్న్‌లో మీకంటే ముందున్న ఒక్కడినైనా వెతకండి. వాడికి మీకు లేని టెక్నాలజీలు మూడుంటే బయటకు పంపండి, ఒకటే ఉంటే ఇంట్లో ఉంచండి.