పదో తరగతి గ్రూప్ ఫొటోలోంచి ఒక్క ముఖం: అమలాపురం స్టూడియోల పని ఎలా ఉందంటే

క్యాన్సర్‌తో పోయిన చిన్ననాటి స్నేహితురాలికి పటం కట్టించాలంటే ముందు తగిలే చిక్కు, పెట్టడానికి సరైన ఫొటో ఉండకపోవడం. ఫోన్లో దొరికేవన్నీ జబ్బుపడ్డాక తీసినవి. కీమో మొదలైన రెండు మూడు వారాలకి జుట్టు రాలడం మొదలవుతుంది, కొందరికి కనుబొమ్మలూ పోతాయి. స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. పోనీ పాత ఆల్బమ్‌లు చూద్దామా అంటే, 1986 ఆగస్టు వరదలోనూ 1996 నవంబరు తుఫానులోనూ కోనసీమలో పెట్టెలకు పెట్టెలు నీళ్లపాలైన ఇళ్లున్నాయి. చివరికి మిగిలేది బడి గ్రూప్ ఫొటో. అందులో తన ముఖం చిటికెన వేలి గోరంత.

ఆ గోరంత ముఖాన్ని పెద్దది చేయించే పని మా బ్యాచ్ వాళ్లం ఇక్కడ వేర్వేరు చోట్ల చేయించి చూశాం. షాపుల పేర్లు రాయడం లేదు, పనిలో మంచి చెడ్డలే చెబుతాం.

స్కానింగ్ దగ్గరే సగం పని తేలిపోతుంది. చాలాచోట్ల జిరాక్స్ మెషీన్ మీదే పెట్టి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన లాగేస్తారు. ఎనిమిది మిల్లీమీటర్ల ముఖానికి 300లో వచ్చేది నిలువున 94 చుక్కలు. 1200లో తీస్తే 378 వస్తాయి. ఇంకా పైకి వెళ్లినా కాగితం గరుకుదనమే పెరుగుతుంది తప్ప ముఖంలో కొత్తగా ఏమీ కనిపించదు. కాబట్టి ఫొటోల స్కానర్ ఉన్న షాపుకే వెళ్లి, 1200లో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా తీయమని అడగండి. మాకు పని బాగా చేసిన షాపులో అడక్కుండానే ఇలా తీశారు. గరుకు సిల్క్ పేపరు మీద ప్రింటయిన ఫొటో అయితే స్కానర్ ఆ గళ్లన్నిటినీ పట్టేస్తుంది. ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా పెట్టి రెండు స్కాన్లు తీసి కలిపితే గళ్లు చాలావరకు తగ్గుతాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, మీరే చెప్పాలి.

బూజు పట్టిన ఫొటోని తడిగుడ్డతో తుడవనివ్వొద్దు. ఫొటో పైపొర జెలటిన్. బూజు తిన్నచోట అది నీళ్లు తగిలితే మెత్తబడి, బొమ్మతో సహా గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. మెత్తని పొడి బ్రష్‌తో, అదీ గది బయట దులపాలి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటో అయితే లాగొద్దు. అద్దం మీంచే స్కాన్ చేయించి, ఆ తర్వాతే దాన్ని విడదీసే సంగతి చూడాలి.

అన్నిటికంటే ఉపయోగపడేది మాత్రం స్టూడియోలో దొరకదు, క్లాసులో దొరుకుతుంది. గ్రూప్ ఫొటో ఒకే నెగటివ్ నుంచి క్లాసంతా కొనుక్కున్నది. ఒకరి కాపీలో తన నుదుటి మీద బూజు మచ్చ ఉంటే ఇంకొకరి దాంట్లో గడ్డం దగ్గర మడత ఉంటుంది. మరొకరిది మొత్తం పసుపెక్కినా ముఖం శుభ్రంగా ఉండొచ్చు. బొమ్మ ఒకటే కాబట్టి స్కాన్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. నుదురు ఒక దాంట్లోంచి, గడ్డం ఇంకో దాంట్లోంచి తీసుకుంటే ఊహించి గీయాల్సిన చోటంటూ దాదాపు మిగలదు. నాలుగైదు కాపీలుంటే చాలు. అసలు ఆ ఫొటో తీసిన స్టూడియో ఇంకా నడుస్తుంటే, ముందు అక్కడికి వెళ్లి నెగటివ్ ఉందేమో కనుక్కోండి.

ఈ పద్ధతి చెబితే కొన్నిచోట్ల "అంత అవసరం లేదండి, ఒక్కటిచ్చేయండి చాలు, కంప్యూటరే చేసేస్తుంది" అన్నారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒక్క నొక్కుతో ముఖాన్ని స్పష్టం చేసే ఏఐ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా స్టూడియోల్లో ఉంది. ఫొటోలో లేని వివరాన్ని అది వెతికి తేలేదు. అదివరకు చూసిన ఎన్నో ముఖాల నుంచి ఊహించి వేస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ, వాళ్లమ్మకి చూపిస్తే "ఎవరే ఈ పిల్ల?" అంటుంది. మా స్నేహితురాలి విషయంలో అలా చేసిన ప్రింటులో ముందుపళ్ల మధ్య సందు పూడిపోయింది, ఎడమ కనుబొమ్మ మీది గాటు మాయమైంది. మడిచి కట్టిన జడల రిబ్బన్లు పువ్వుల్లా తయారయ్యాయి. ఆ సందూ ఆ గాటూ తనవి. అవి లేని పటం మాకు అక్కర్లేదు.

పని సరిగ్గా వచ్చిందో లేదో ప్రింటు వేయకముందే తేల్చుకోవచ్చు. ఫొటోషాప్‌లో పాత స్కాన్ పైన బాగుచేసిన లేయర్ ఉంచి, దాన్ని ఆన్ ఆఫ్ చేసి చూపించమనండి. కనుకొలకులు, పెదవి అంచు, జుట్టు మొదలయ్యే గీత, చెవులు ఉన్నచోటే ఉండాలి. ఏది కదిలినా ముఖం మారినట్టే. చూసేవాళ్లలో తన పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒకరైనా ఉండాలి, పెళ్లయ్యాక పరిచయమైనవాళ్లకి ఆ వయసు ముఖం తెలియదు. ఇంట్లోవాళ్లు పెద్దయ్యాకటి ముఖమే కావాలంటే జబ్బుకి ముందు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరి ఆల్బమ్‌లోనైనా పడిందేమో వెతకండి. చికిత్సలో ఉన్నప్పటి ఫొటోకి ఎవరి జుట్టో తెచ్చి అతికించే పని మాత్రం ఎంత నేర్పుగా చేసినా నప్పదు. నుదుటి దగ్గర వెలుగు ఒకవైపు, జుట్టు మీద ఇంకోవైపు పడి తేడా తెలిసిపోతుంది.

సైజు విషయంలో ఆశ తగ్గించుకోవాలి. 378 చుక్కల ముఖం అంగుళానికి 300 లెక్కన అంగుళంపావు వస్తుంది, 150 లెక్కన రెండున్నర. అంటే 8×10 ప్రింటు దాకా గోడ మీద చక్కగా నిలుస్తుంది. 12×18 అడిగితే ముఖం మసకన్నా కావాలి, ఏఐ గీసిందన్నా కావాలి. ప్రింటు ల్యాబ్‌లో ఫొటో పేపరు మీద, మెరుపు లేని మ్యాట్‌లో వేయించండి. మామూలు డై ఇంకు ప్రింటు మన చెమ్మకి రంగు పాకుతుంది.

పటం కట్టడంలోనే ఇక్కడ ఎక్కువ పొరపాట్లు చూశాం. అద్దాన్ని ఫొటోకి ఆనించి బిగించేస్తారు. డెల్టా వానాకాలంలో రెండిటి మధ్య చెమ్మ చేరి, కొన్నేళ్లకి ఫొటో అద్దానికి అతుక్కుంటుంది. మధ్యలో మౌంట్ బోర్డు, అంటే ఫొటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట వేయించాలి, ఆ మందమే గాలికి సందు. 8×10 ఫొటోకి చుట్టూ రెండంగుళాల మౌంట్ వేస్తే 12×14 అవుతుంది. దానికి అంగుళం వెడల్పు బీడింగ్ (ఫ్రేము పట్టీ) మూలల కోత వృథాతో కలిపి ఐదడుగులు పడుతుంది. బిల్లులో అంతకంటే చాలా ఎక్కువ రాస్తే అడగండి. వెనక అట్ట అంచుల వెంట టేపు పూర్తిగా అంటించమనండి, పురుగు దూరేది అక్కడే. కింది రెండు మూలలకీ వెనకవైపు రబ్బరు బిళ్లలు పెడితే పటం గోడకి ఆనదు. వానజల్లు కొట్టే పడమటి గోడకి తగిలించొద్దు.

పూలదండ సంగతి ఏ షాపులోనూ చెప్పలేదు. తడి దండ వేస్తే నీళ్లు అద్దం మీంచి కారి కింది బీడింగ్ గాడిలో నిలుస్తాయి. ఫొటో పాడవడం అక్కడినుంచే మొదలవుతుంది. దండని కాసేపు ఆరనిచ్చి వేయాలి, లేకపోతే గంధపు మాల వేయాలి. బొట్టు పెట్టేటప్పుడు కుంకుమ నీళ్లుగా కలపకుండా గంధం ముద్ద మీద అద్దితే కారదు.

పెద్దకర్మ నాటికి ఇవన్నీ పూర్తి కావు, తొందరపెడితే చేసేవాళ్లు ఏఐ నొక్కుతోనే సరిపెడతారు. ఆ రోజుకి ఉన్నవాటిలో మంచి ఫొటో 6×8 వేయించుకుని, అసలు పని సంవత్సరీకానికి పెట్టుకోవడం మేలు. సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం చేసిన ఫైలుతో పటం కట్టించొద్దు. అందులో తల ఒకరిది, చీర ఒకరిది అయ్యుంటుంది.

డబ్బులు స్కానింగ్‌కి, టచింగ్‌కి, ప్రింటుకి, ఫ్రేముకి విడివిడిగా చెప్పించుకోండి. కలిపి ఒకే రేటు చెప్పినచోట స్కానింగ్ నాసిగా ఉంది. పని అయ్యాక బాగుచేసిన ఫైలుతోపాటు ముట్టుకోని స్కాన్లు కూడా పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపమనాలి, ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది. ఒక కాపీ వాళ్లింట్లో, ఒకటి బ్యాచ్‌లో ఎవరో ఒకరి దగ్గర, అదీ ఏటిగట్టుకి దూరంగా వేరే ఊళ్లో ఉంచండి.