పాత అచ్చా, కొత్త అచ్చా, వెదురు కలమా: ఇంట్లో కలంకారీకి ఏది మేలు?

మా ఇంట్లో టీవీ కింద అరలో 23 చెక్క అచ్చులున్నాయి, దాదాపు అన్నీ పెడన వైపు నుంచి వచ్చినవే. కొన్నిటి వెనక పిడి చూస్తే ఎన్నేళ్ళు ఎన్ని చేతులు పట్టుకున్నాయో గానీ గాజులాగా నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు ముందు అవే చేతిలోకి తీసుకుంటారు, తర్వాత అడిగేది కూడా దాదాపు ఒకటే, మేం కూడా సరదాగా కలంకారీ మొదలెడదాం అనుకుంటున్నాం, ఇలాంటి పాత అచ్చులు కొనుక్కోవాలా, కొత్తవి చెక్కించుకోవాలా, లేదా శ్రీకాళహస్తి వాళ్ళలాగా కలం పట్టాలా అని. నేను మూడూ చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

తేడా తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున కలంతో గీస్తారు, ఎక్కువగా రామాయణ భారతాల కథలు. పెడన అంటే బందరు పక్కనే, అక్కడ టేకు అచ్చులతో అద్దుతారు, లతలు, పూలు, చెట్టు మీద పక్షులు, గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియా వాళ్ళ రుచికి తగ్గట్టు పెరిగిన డిజైన్లు అవి, కలంకారీ అన్న పేరే పర్షియన్ నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది చాలావరకు మన గుడ్డల కోసమే. ఆ అద్దకం గుడ్డలు యూరప్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే అక్కడి నేతగాళ్ళు గోల పెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండ్ ముందు దిగుమతి ఆపేసి 1721లో కట్టుకోవడం కూడా వద్దని చట్టం చేసింది. ఒక పాత అచ్చు చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, మన బందరు పూలతీగలకి భయపడి రెండు దేశాలు చట్టాలు చేసుకున్నాయి కదా అని.

సరే, పాత అచ్చులు. అందంలో వీటికి సాటి లేదు, అది ముందే ఒప్పేసుకుంటా. టేకు ఏళ్ళ తరబడి రంగు తాగి నల్లగా బరువుగా అయిపోయుంటుంది, గీతల మధ్య లోతుల్లో ఎండిన రంగు ఇంకా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్మబంక, కరక్కాయ కలిసిన ఒక రకం వాసన. అరలో పెట్టి చూసుకోవడానికైతే ఇంకేం ఆలోచించక్కర్లేదు, నచ్చింది కొనుక్కోండి. అద్దుదాం అనుకుంటేనే కథ మొదలవుతుంది.

మొదటి చిక్కు, అచ్చు ఎప్పుడూ ఒంటరిది కాదు. ఒక పువ్వుకి గీతల అచ్చు ఒకటి ఉంటుంది, లోపల ఎరుపు నింపడానికి ఇంకోటి, ఒక్కోసారి ఆకుల కోసం మూడోది కూడా. పాతసామాన్ల షాపుకి వచ్చేసరికి ఈ జతలు విడిపోతాయి, ఒకటి మనింటికొస్తే ఇంకోటి ఏ రెస్టారెంట్ గోడకో ఎక్కుతుంది. నా 23లో పూర్తి జతలు నాలుగే. అందుకే ఒకే చోట రెండు మూడు అచ్చులు ఒకే సైజులో కనిపిస్తే ఒకదాని మీద ఒకటి బోర్లించి డిజైన్ కలుస్తుందో లేదో చూడండి, కలిస్తే రేటు కాస్త ఎక్కువైనా వదలొద్దు.

రెండోది నాకు మూడు మీటర్ల గుడ్డ ఖర్చయ్యాక తెలిసింది. సహజ రంగుల్లో నలుపు ఇనుము వల్ల వస్తుంది, ఎరుపు పటిక వల్ల వస్తుంది. తుప్పు పట్టిన ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడితే తయారయ్యేదాన్ని కసిం కారం అంటారు, అది కరక్కాయలో నానిన గుడ్డకి తగిలితే కరక్కాయలో ఉన్న టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. ఎరుపుకి ముందు పటిక అద్ది తర్వాత ఎర్రరంగునిచ్చే చెక్క గానీ వేర్లు గానీ వేసిన నీళ్ళలో గుడ్డని మరగబెడతారు, పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పడుతుంది. ఇప్పుడు ఏళ్ళపాటు నలుపు అద్దిన అచ్చు ఒకటి నేను తెచ్చి, పైపైన కడిగేసి, దాంతో పటిక అద్దాను. ఉడకబెట్టి తీస్తే ఎరుపు రాలేదు, చెక్కలో మిగిలిపోయిన ఇనుము పటికలో కలిసి మొత్తం బురద రంగు పూలు వచ్చాయి. అచ్చు తప్పేం లేదు, దాని పనేంటో నేను అడగలేదు అంతే. అప్పటినుంచి పాత అచ్చు ఏది తెచ్చినా ముందు కరక్కాయ పెట్టిన చిన్న గుడ్డముక్క తడిపి దానికి నొక్కి చూస్తాను, మచ్చ నల్లగా వస్తే అది నల్ల అచ్చు, ఇక జన్మంతా నలుపుకే.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. అచ్చు మొహం మీద స్కేలు నిలబెట్టి చూడండి, మధ్యలో వెలుతురు కనిపిస్తే చెక్క వంకర పోయినట్టు, అద్దితే సగం పువ్వే పడుతుంది. సూదిమొన చిల్లులుండి తడితే పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది, దాన్ని మిగతావాటి పక్కన పెట్టకండి. అయితే పెద్ద అచ్చుల్లో గాలి పోవడానికి కావాలనే పెట్టిన చిల్లులుంటాయి, అవి గుండ్రంగా వెనకదాకా పోతాయి, వాటిని చూసి భయపడక్కర్లేదు. షోకేస్ కోసం తయారయ్యే 'పాత' అచ్చులు కూడా బోలెడు వస్తున్నాయి, కొత్త చెక్కకి నల్ల పాలిష్ పూసేస్తారు. వాటి నలుపు అన్నివైపులా ఒకేలా ఉంటుంది, నిజంగా వాడిన అచ్చుకి పిడి ఒకలా, మొహం ఒకలా, పక్కలు ఒకలా ఉంటాయి, గీతల అంచులు కూడా కొద్దిగా మొద్దుబారి ఉంటాయి.

ఇంకో మాట, ఇది కొంచెం మనసుకి సంబంధించింది. ఇంకా అద్దకం నడుస్తున్న షెడ్డులోకి వెళ్ళి డబ్బు ఎక్కువిస్తా అని వాడుకలో ఉన్న అచ్చుని అడగొద్దు, ప్లీజ్. అది వాళ్ళ పనిముట్టు, మనకి బొమ్మ. స్క్రీన్ ప్రింట్ గుడ్డలు కలంకారీ పేరుతో తక్కువ రేటుకి వచ్చేసి అసలే వాళ్ళ పని కష్టమైపోయింది, దాంట్లో మనం వెళ్ళి డిజైన్లు కూడా ఒక్కొక్కటి ఊడదీసుకు రావడం నాకు నచ్చదు. మూలన పడేసినవి వాళ్ళే ఇస్తామంటే తీసుకోండి, తీసుకునేముందు ఒక కాయితం మీద దాని ముద్ర కొట్టి వాళ్ళ దగ్గర ఉంచి రండి, రేపు వాళ్ళకి ఆ డిజైన్ మళ్ళీ కావాలంటే చెక్కించుకోవడానికి ఉంటుంది.

కొత్త అచ్చు సంగతి తొందరగా చెప్పేయొచ్చు ఎందుకంటే దీంట్లో గొడవలు తక్కువ. పెడనలో అచ్చులు చెక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, డిజైన్ కాయితం మీద ఇస్తే చెక్క మీదకి దించి చిన్న చిన్న ఉలులతో చెక్కి ఇస్తారు, జత కావాలంటే జత, మీ గుడ్డ వెడల్పుకి తగ్గ సైజు. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి మొదటిరోజే గీత శుభ్రంగా పడుతుంది, ఏ రంగుకి వాడాలో మీ ఇష్టం, మొదట్నుంచీ నలుపుకి ఒకటి ఎరుపుకి ఒకటి అని వెనక రాసిపెట్టుకుంటే నాకొచ్చిన బాధ మీకు రాదు. డబ్బులు కూడా చెక్కినవాళ్ళ చేతికే నేరుగా వెళ్తాయి, ఇది నాకు పెద్ద విషయం. మెషీన్ మీద కోసినవి కూడా అమ్ముతున్నారు, పువ్వు రేకులు కలిసే లోపలి మూలలు చూడండి, ఉలితో చెక్కింది సూదిగా ఉంటుంది, మెషీన్ బిట్ తిరిగింది గుండ్రంగా ఆగిపోతుంది. చెక్క బాగా ఆరిందో లేదో మాత్రం అడిగి తీసుకోండి, పచ్చిచెక్క అయితే మన ఎండలకి నెలలో పగులుతుంది. వాడాక నీళ్ళతో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి నీడలోనే ఆరబెట్టాలి, పాతదానికైనా కొత్తదానికైనా ఇదే.

కొత్త అచ్చుకి నాకు కనిపించే లోటు ఒక్కటే, దానికింకా జ్ఞాపకం లేదు. కానీ ఆ జ్ఞాపకం మన చేత్తో మొదలవుతుంది అనుకుంటే అది కూడా బావుంటుంది.

ఇక కలం. మూడింట్లో చవకైంది ఇదే, కష్టమైందీ ఇదే. వెదురుపుల్ల మొన చెక్కి, మొనకి కొంచెం పైన ఉన్నిగుడ్డో దూదిగుడ్డో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు, ఆ ఉండే రంగు పట్టుకునే ట్యాంక్ అన్నమాట, వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనలోకి దిగుతుంది. గీతకి సన్న మొన, నింపడానికి లావుది. బొమ్మ ముందుగా చింత బొగ్గుతో గీస్తారు, సన్నటి చింతపుల్లల్ని కాల్చి చేసిన బొగ్గు, గుడ్డ మీంచి దులిపితే పోతుంది. మొత్తం సామాను ఇంట్లోనే చేసుకోవచ్చు, షాపుకి వెళ్ళే పనే లేదు. నేను చేసిన మొదటి పది కలాల్లో తొమ్మిది చుక్కలు చుక్కలుగా కార్చాయి, ఉండ ఎంత బిగించాలో చేతికి తెలియడానికి నెల పట్టింది.

కానీ ఆ నెలలో నేర్చుకున్నది అచ్చులతో రెండేళ్ళలో నేర్చుకోలేదు, గట్టిగా చెప్తున్నా. పాలు తక్కువైతే గీత గుడ్డలో పాకిపోతుంది, గుడ్డని గేదెపాలు, కరక్కాయ కలిపి నానబెట్టేది అందుకే, పాలలో కొవ్వు రంగుని పాకనివ్వదు. కసిం కారం గుడ్డ మీద పడ్డప్పుడు మొదట బూడిదరంగులో ఉండి గాలి తగిలేకొద్దీ మన కళ్ళముందే నల్లబడుతుంది, అది చూస్తుంటే వంటలో పోపు పేలినంత సంతోషంగా ఉంటుంది. మరీ ఘాటుగా ఉంటే ఏళ్ళు గడిచాక ఆ నల్లగీత దగ్గరే గుడ్డ చివికిపోతుంది. అచ్చుతో అద్దినప్పుడు ఇవేవీ కంటపడవు, టకటకా పని అయిపోతుంది కాబట్టి. పైగా ఈ విద్య కూడా ఒకప్పుడు దాదాపు ఆగిపోయే స్థితికొస్తే చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు, అక్కణ్ణుంచి మళ్ళీ నిలదొక్కుకుంది, అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పుల్ల చెక్కుకుంటున్నప్పుడు ఎవరి దారిలో నడుస్తున్నామో తెలుస్తూ ఉండాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఒక హెచ్చరిక, ఇది అచ్చుకీ కలానికీ రెండింటికీ వర్తిస్తుంది. గుడ్డ పారే నీళ్ళలో జాడించాలి, అక్కడ నదిలోనో కాలవలోనో జాడించేది అందుకే. బకెట్లో ముంచితే వదిలిన రంగు మళ్ళీ తెల్లభాగాలకే అంటుకుంటుంది. నేను టెర్రస్ మీద పైపు పెట్టి గుడ్డని ఏటవాలుగా పట్టుకుని కడుగుతా, చిన్న గుడ్డలకైతే పనికొస్తుంది, చీరకి మాత్రం కుదరదు.

కాబట్టి ఏది మేలంటే, ఈ సెలవుల్లోనే ఏదో ఒకటి తయారుచేసి చూడాలి, పిల్లలు కూడా కలవాలి అనుకుంటే కొత్త అచ్చుల జత ఒకటి, చిన్నది, అరచేతిలో పట్టేది. విద్య నేర్చుకోవాలని నిజంగా ఉంటే కలం, ఆర్నెల్లు వేరే ఏదీ కొనకుండా. పాత అచ్చులు ఆఖరున, అప్పటికి వాటిని చదవడం వస్తుంది, ఏది నలుపుది, ఏది ఎరుపుది, ఏది జత తప్పింది అని. నేను పాతవాటితో మొదలుపెట్టి వెనక్కి వచ్చాను, దారి దూరమైంది.

పోయిన వేసవిలో ఒక పాత మామిడిపిందెల గీతల అచ్చుకి జత చెక్కించాను. దాని జోడీ ఎక్కడుందో దొరకదని తేలిపోయాక, కాయితం మీద ముద్ర కొట్టి పెడనకి పట్టుకెళ్తే, చెక్కే పెద్దాయన కాసేపు ఆ పాతదాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది మా నాన్న కాలపు పనమ్మా అన్నారు, నింపే అచ్చు పది రోజుల్లో ఇచ్చారు. పాతదాంతో నలుపు, కొత్తదాంతో ఎరుపు, పిందె లోపలి పసుపు చుక్కలకి ఎవరూ అచ్చు చేయలేదు కాబట్టి అవి కలంతో పెట్టాను. ఆ దిండు గలీబు ఇప్పుడు మా అమ్మ కుర్చీలో ఉంది, రెండు పిందెలు కొంచెం పక్కకి పడ్డాయి, మిగతావన్నీ కలిశాయి.