మూడు తరాల కార్ట్ ఇంజిన్ షాపు: కొన్ని సీజన్లు వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. పిల్లల్ని కొత్తగా కార్ట్ రేసింగ్‌లో (చిన్న గో-కార్ట్ బండ్ల రేసుల్లో) దింపినవాళ్లు ఇంజిన్ ట్యూనర్, అంటే ఇంజిన్‌ను రేసుకు తగ్గట్టు సరిచేసేవాడి జోలికి వెళ్లనక్కర్లేదు. మొదటి ఒకటి రెండు సీజన్లు ఆ డబ్బేదో టైర్లకూ ప్రాక్టీసుకూ పెట్టుకోండి. ఆ తర్వాత మాత్రం నమ్మకమైన షాపు ఒకటి చూసుకోకపోతే ఇబ్బందే. మేం చూసుకున్నది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఒకే కుటుంబం మూడు తరాలుగా నడుపుతున్న షాపు. పేరు మాత్రం రాయను. మెచ్చుకోవడంతో పాటు కొన్ని ఫిర్యాదులు కూడా చేయబోతున్నాను మరి.

మేం ఉండేది ఇండియానాపొలిస్ దగ్గర. ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువాడి పిల్లలకు స్పెల్లింగ్ బీ కాకుండా రేసింగ్ పిచ్చి పట్టడం మరీ వింతేమీ కాదు, ఇండీ 500 కారు రేసు జరిగే ఊరు కదా, గాలిలోనే ఉంది. మా అమ్మాయి మొదట నడిపింది బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఎల్‌ఓ 206 ఇంజిన్. 204 సీసీ, ఫోర్ స్ట్రోక్, గడ్డి కోసే మెషీన్ల ఇంజిన్‌కి దగ్గరి చుట్టం. ఫ్యాక్టరీ నుంచే సీలు వేసి వస్తుంది, లోపల చెయ్యి పెట్టడానికి లేదు. 6,100 ఆర్‌పీఎం దాటనివ్వదు. వయసును బట్టి కార్బ్యురేటర్‌లో గాలిని అదుపు చేసే స్లైడ్ మారుస్తారు: చిన్నపిల్లలకు ఎర్రది, పెద్దవాళ్లకు నల్లది. అంతే తేడా.

మరి సీలు వేసిన ఇంజిన్‌కి ట్యూనర్ ఏం చేస్తాడు? నేనూ మొదట ఇదే అడిగాను. వాల్వ్ క్లియరెన్స్, కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే ముక్క) ఎత్తు, రూల్‌బుక్ ఒప్పుకున్న ఇంకొన్ని సర్దుబాట్లు, చివర్లో డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీద పరీక్ష. మా పాత ఇంజిన్నీ, వాళ్లు సరిచేసి అమ్మే ఇంజిన్నీ ఒకే రోజు డైనో మీద పెట్టించాను. కాగితం మీద రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. షాపావిడ ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇప్పుడైతే దీనికి డబ్బు పెట్టకండి, అమ్మాయి బ్రేకింగ్ బాగుపడాలి" అంది. అమ్మకం వద్దనుకుని అంత మాట చెప్పిన షాపును ఇంకోచోట చూడలేదు. మేం అక్కడే ఉండిపోవడానికి అసలు కారణం అదే.

ఆవిడ మూడో తరం. తాత మొదలుపెట్టింది రంపాలూ లాన్ మోవర్లూ బాగుచేసే కొట్టు. ఆ కొట్లోకి కార్ట్‌లు రావడం ఆ కాలానికి సహజమే. 1956లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఆర్ట్ ఇంగెల్స్ మొట్టమొదటి కార్ట్ కట్టినప్పుడు బిగించింది వెస్ట్ బెండ్ కంపెనీ వాళ్ల చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్. మూడేళ్లకల్లా, 1959లో, చైన్‌సాలు చేసే మెక్‌కల్లక్ కంపెనీ కార్ట్‌ల కోసమే ఎంసీ-10 అనే ఇంజిన్ తెచ్చింది. చెట్లు కోసే మెషీన్ విప్పడం వచ్చినవాడికి రేసింగ్ ఇంజిన్ విప్పడం ఎంతసేపు? అమెరికాలో చాలా షాపులు ఇలా పక్కదారిలో పుట్టినవే. పొలాల పిల్లలు తెచ్చిన ఇంజిన్లు బాగుచేస్తూ చేస్తూ ఆ తాతా ట్యూనర్ అయిపోయాడు.

వ్యాపారం నిలబడింది మాత్రం రెండో తరంలో, యమహా కేటీ100 పుణ్యమా అని. 100 సీసీ, గాలితో చల్లబడే ఇంజిన్, పిస్టన్ పోర్ట్ రకం, అంటే సిలిండర్ గోడలోని రంధ్రాలను (పోర్టులను) పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అమెరికా కార్టింగ్‌ను దశాబ్దాల పాటు మోసింది అదే. దానికి సీలు లేదు, కొలతల హద్దులు మాత్రం ఉన్నాయి. ఫ్యాక్టరీలో వేలల్లో పోతపోసే సిలిండర్లు ఏ రెండూ ఒకలా ఉండవు కదా. పోర్టు ఎత్తు ఒకదాంట్లో కాస్త తక్కువ, ఇంకోదాంట్లో కాస్త ఎక్కువ. రూలు ఎక్కడిదాకా ఒప్పుకుంటే అక్కడిదాకా ప్రతి కొలతనూ తీసుకెళ్లి ఆపడాన్నే బ్లూప్రింటింగ్ అంటారు. వెంట్రుక వాసి దాటితే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (రేసు అధికారులు ఇంజిన్ కొలిచే తనిఖీలో) గేజ్ లోపలికి దూరిపోతుంది, గెలిచిన రేసు పోతుంది. ఆ రోజుల్లో ట్యూనర్ చేతిలో నిజంగానే గెలుపోటములు ఉండేవి. షాపు గోడకు పోర్టులు ఎప్పుడు తెరుచుకుంటాయో కొలిచే డిగ్రీ వీల్, హెడ్‌లో ఎన్ని సీసీలు పడతాయో కొలిచే బ్యూరెట్ ఇప్పటికీ వేలాడుతున్నాయి. షాపావిడ నాన్నగారు రిటైరయ్యారు గానీ రోజూ వచ్చి ఓ మూల కూర్చుంటారు. సీలు ఇంజిన్ల మాటెత్తితే మొహం మాడ్చుకుంటారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది గానీ, ఖర్చు పెట్టే తండ్రిగా నేను సీలు పక్షమే.

ఇక రెండేళ్లుగా మేం వాడుతున్నది ఐయామె కేఏ100. ఇది ఇటలీ ఇంజిన్. 100 సీసీ, రీడ్ వాల్వ్ (గాలిని లోపలికే పోనిచ్చే పల్చటి రేకు) రకం, గాలితో చల్లబడుతుంది, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. షాపు విలువ నిజంగా తెలిసింది ఇక్కడే. ఎల్‌ఓ 206ను నూనె మార్చుకుంటూ సీజన్లు లాగించొచ్చు. ఇది అలా కాదు. ఇంజిన్ నడిచిన గంటలు రాసుకోవాలి, గంటలు నిండగానే పిస్టన్, రింగు మార్చాలి, ఇంకొన్ని గంటలకు కింద బేరింగులూ కనెక్టింగ్ రాడ్డూ. ఆ ఇంజిన్‌కి టిల్లట్సన్ డయాఫ్రమ్ కార్బ్యురేటర్. పెట్రోలు ఎంత వెళ్లాలో సర్దే దాని హై, లో సూదులు వాతావరణాన్ని బట్టి తిప్పుకోవాలి. ఇండియానా జూలైలో పొద్దున ఒక సెట్టింగు, ఉక్కపోసే మధ్యాహ్నం ఇంకొకటి.

ఒక సంగతి చెప్తాను. పోయిన వేసవిలో స్ట్రెయిట్ చివర్లో ఇంజిన్ ఊపిరి ఆగినట్టు అయిపోయేది. సూదులు ఎంత తిప్పినా లాభం లేదు. పక్క టెంట్ వాళ్లు కార్బ్యురేటర్ మార్చమన్నారు, ఇంకొకాయన కొత్త ఇంజిన్ కొనమన్నాడు. షాపావిడ కార్బ్యురేటర్ వైపు చూడనేలేదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ బిరడాలతో మూసి, చిన్న పంపుతో లోపలికి కొద్దిగా గాలి పంపింది. గేజ్ ముల్లు నెమ్మదిగా దిగడం మొదలెట్టింది. క్రాంక్ సీలు (గాలి పోకుండా క్రాంక్ షాఫ్ట్‌కు ఉండే రబ్బరు రింగు, ఫ్యాక్టరీ సీలు కాదు) చుట్టూ సబ్బునీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తే క్లచ్ వైపు సన్నటి బుడగలు వరుసగా లేచాయి. సీలు సందులోంచి బయటి గాలి లోపలికి పోయి మిశ్రమం పల్చబడుతోందన్నమాట. హెడ్ విప్పి పిస్టన్ చూపించింది: ఎగ్జాస్ట్ వైపు అంచు మీద లేత గీతలు అప్పుడే మొదలయ్యాయి. ఇంకో రెండు సెషన్లు నడిపి ఉంటే పట్టేసేది. మార్చింది కొన్ని డాలర్ల రబ్బరు సీలు, ఒక పిస్టన్.

ప్రతి ఇంజిన్‌కీ వాళ్ల దగ్గర ఒక అట్ట కార్డు ఉంటుంది. స్క్విష్ (పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య ఖాళీ) ఎంత, రింగు గ్యాప్ ఎంత, ఎన్ని గంటలకు ఏం మార్చారు, ఆ రోజు గాలిలో తేమ ఎంత, అన్నీ చేత్తో రాసినవే. కంప్యూటర్‌లో పెట్టొచ్చు కదా అని ఐటీవాడిగా ఉచిత సలహా ఇచ్చాను. నవ్వి ఊరుకుంది.

ఫిర్యాదుల సంగతికొస్తే, పెద్ద రేసుల ముందు వీళ్లతో వేగడం కష్టం. లాస్ వెగాస్‌లో సూపర్‌నేషనల్స్ అనే పెద్ద కార్ట్ రేసు దగ్గరపడితే మనలాంటి క్లబ్ రేసర్ల ఇంజిన్లు వెనక బల్ల మీదికి వెళ్లిపోతాయి. "వచ్చే వారం" అంటే ఏ వారమో అడక్కూడదు. మెసేజ్‌కు జవాబివ్వరు, ఫోనే చేయాలి, అదీ మధ్యాహ్నం. ఒకసారి రీబిల్డ్ నుంచి వచ్చిన ఇంజిన్‌కి ఎగ్జాస్ట్ హెడర్ నట్టు వదులుగా ఉంది. ట్రాక్ దగ్గర మా ఆవిడే కనిపెట్టింది. చెబితే వెంటనే క్షమాపణ చెప్పి ఆ సర్వీసు డబ్బు తీసుకోలేదు, నిజమే. అయినా అప్పట్నుంచి బిగించే ముందు ప్రతి నట్టూ మేమే ఓసారి చూసుకుంటున్నాం.

ఇంకోటి, ఇది ఏ షాపుకైనా వర్తిస్తుంది. మంచి ఇంజిన్ ఎప్పుడూ వేగంగా నడిపే పిల్లలకే వెళ్తుందని తల్లిదండ్రుల మధ్య గుసగుసలు. అద్దె ఇంజిన్ల విషయంలో నాకూ అనుమానమే. రోటాక్స్ అనే ఇంజిన్ కంపెనీ వాళ్లు తమ ప్రపంచ పోటీ గ్రాండ్ ఫైనల్స్‌లో కార్ట్, ఇంజిన్ అందరికీ తామే ఇచ్చి లాటరీ తీస్తారు, ఆ గొడవే ఉండదు. హైదరాబాద్‌లో మా బావమరిది కొడుకు ఇదే ఆటలోకి దిగాలనుకుంటున్నాడు. ఇండియాలో మెకో అనే సంస్థ వాళ్లు నడిపే జాతీయ రోటాక్స్ పోటీల్లోనూ సీలు ఇంజిన్లే, వాటిని అధీకృత సర్వీసు సెంటర్ తప్ప ఎవరూ విప్పకూడదు. అక్కడ ఇలాంటి కుటుంబ షాపు వెతుక్కునే పనే లేదని వాడికి చెప్పాను.

ఖర్చు సంగతి: కేఏ100 టాప్ ఎండ్ (పై భాగం, అంటే పిస్టన్, రింగు పని) ఒక్కసారికి కొన్ని వందల డాలర్లు, కింది భాగం కూడా చేయిస్తే దానికి రెట్టింపు పైనే. మెయిల్ ఆర్డర్‌లో చేసే పెద్ద షాపులు ఇంకాస్త తక్కువ అడుగుతాయి. ఆ తేడా కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పాత పిస్టన్‌ను సంచిలో వేసి తిరిగి ఇస్తారు, ఎక్కడ ఎందుకు అరిగిందో దాని మీద మార్కర్‌తో గీసి మరీ.

మీరు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటుంటే, అమ్మేవాడిని అడగాల్సింది ఎన్ని రేసులు గెలిచిందని కాదు, సర్వీసు కార్డు ఉందా అని. మేం కేఏ100 అలాగే కొన్నాం. కార్డు లేని ఇంజిన్‌కి ముందు మొత్తం రీబిల్డ్ డబ్బు ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.