ఒబినిత్సాకు ఆగస్టు 19న వెళ్లండి

ఎస్తోనియాలోని ఒబినిత్సా ఊరి చర్చిని బయటినుంచి ఏ రోజైనా చూడవచ్చు. ఊరినంతా ఒక్కచోట చూడాలంటే మాత్రం ఆగస్టు 19నే వెళ్లాలి. పాత (జూలియన్) క్యాలెండర్ ప్రకారం అది క్రీస్తు రూపాంతర పండుగ, ఈ చర్చి పండుగ కూడా అదే.

ఎస్తోనియా ఆగ్నేయ మూలన, రష్యా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ చిన్న ఊరు సెతో అనే చిన్న జాతి ప్రజలది. ఎస్తోనియన్ల క్రైస్తవం ప్రధానంగా లూథరన్ సంప్రదాయానిది, సెతోలు మాత్రం ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవులు. చర్చి కట్టింది 1952లో. సోవియట్ పాలనలో కొత్తగా చర్చి కట్టుకోవడం ఎంత అరుదో తెలిసినవారికి దాని విలువ అర్థమవుతుంది. రాజధాని టాలిన్‌లోని అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథడ్రల్ కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నిలబడే ఉండాలి. ఆడవాళ్లు తలకు కట్టుకోవడానికి గుడ్డ తీసుకెళ్లడం మంచిది.

ప్రార్థన ముగియగానే అందరూ శ్మశానానికి నడుస్తారు. సమాధుల మీద బట్టలు పరిచి, ఇంటినుంచి తెచ్చిన వంటలు పెట్టి, పోయినవారి పక్కనే కూర్చుని తింటారు. ఏడుపూ ఉంటుంది, కబుర్లూ ఉంటాయి. పెద్దావిడల ఎదమీద పళ్లెమంత వెండి పతకాలు. దూరంగా నిలబడ్డ మమ్మల్ని ఒక కుటుంబం పిలిచి కూర్చోబెట్టింది. ఫోటో తీసే ముందు అడగండి, అది వాళ్ల ఇంటి దుఃఖం. 1933లో మరణించిన ప్రసిద్ధ గాయని హిలానా తార్కా సమాధి కూడా ఇక్కడే ఉంది. ఒకరు పాడిన చరణాన్ని బృందం అందుకునే సెతో గానం, లేలొ, 2009లో యునెస్కో జాబితాకెక్కింది. చెరువు పక్కన 1986లో నిలిపిన 'పాటల తల్లి' విగ్రహం దగ్గరా కాసేపు ఆగండి.

బసకు వొరు పట్టణంలో హోటళ్లున్నాయి, గదులు సౌకర్యంగా ఉంటాయి. అయినా నా ఓటు పల్లెలోని రైతు ఇళ్లకే. గది చిన్నది, స్నానాల గది ఉమ్మడి. కానీ రాత్రి కట్టెలతో వేడిచేసే ఆవిరి స్నానాల గది సౌనా, పొద్దున ఇంట్లో చేసిన సొయిర్ అనే జున్ను ఉంటాయి. అందులో గుడ్డు కలుపుతారు, తిననివారు ముందే చెప్పాలి. పండుగకు గది ముందుగానే మాట్లాడుకోండి.

బస్సులు బాగా తక్కువ. తార్తు నగరంలో కారు అద్దెకు తీసుకోవడమే మేలు, ప్రయాణం సుమారు గంటన్నర. సెతో మ్యూజియం చిన్నదే అయినా తప్పక చూడాలి. గాజు కోసం ఇసుక తవ్విన పియూసా గుహలు దగ్గరే ఉన్నాయి, లోపల చలి. ఒక్క రోజే ఉంటే గుహలు వదిలేసి, సాయంత్రం దాకా శ్మశానం దగ్గరే ఉండండి.