జబ్బ మీది సెన్సర్‌తో మూడేళ్లు

నాకు టైప్ 1 షుగర్ బయటపడింది తొమ్మిదో తరగతిలో. ఇప్పుడు నేనే తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఈ 22 ఏళ్లూ రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు. షుగర్ చూసుకోవడానికి వేళ్లు ఎన్నిసార్లు పొడుచుకున్నానో మాత్రం లెక్కపెట్టలేదు. మూడేళ్ల క్రితం జబ్బ వెనక అంటించుకుంటే ఎప్పటికప్పుడు షుగర్ చూపించే సెన్సర్ మొదలుపెట్టాను. కంపెనీ పేరు రాయడం లేదు. రెండు రకాలు వాడాను, మంచీ చెడూ రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే.

అంటించుకునేటప్పుడు టక్‌మని ఒక చప్పుడు, చిన్న చురుకు. అంతే. గంట ఆగితే ఫోన్‌లో అంకె వస్తుంది, పక్కన ఒక బాణం గుర్తు. నా దృష్టిలో పెట్టిన డబ్బంతా ఆ బాణానికే. గ్లూకోమీటర్ 110 అని చూపిస్తే బాగానే ఉంది కదా అనుకుంటాం. అదే 110 పక్కన బాణం అడ్డంగా ఉంటే నిశ్చింతగా క్లాసుకి వెళ్తాను. నిట్టనిలువుగా కిందికి ఉంటే, రెండో అంతస్తు మెట్లెక్కేసరికి చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి వణకడం ఖాయం. ముందే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగేస్తాను.

ఇంకో మేలు కూడా చేసింది. ఏళ్ల తరబడి నాకు పొద్దుటి షుగర్ 200 పైనే. రాత్రి పడుకునేటప్పుడు 130, లేచేసరికి 210. మా అమ్మ అడిగేది, "నిజం చెప్పవే, రాత్రి లేచి ఏం తిన్నావ్?" అని. ఏమీ తినలేదంటే నమ్మేది కాదు. డాక్టరు గారు కూడా నా మొహంలోకి ఒకసారి చూసి చీటీ రాసేవారు. కొన్నాళ్లకి నాకే అనుమానం వచ్చింది, నిద్రలో లేచి తింటున్నానేమో అని! సెన్సర్ పెట్టుకున్న మొదటి వారంలోనే గీత చూపించింది. నాలుగు గంటల దాకా చదునుగా ఉంటుంది, అక్కణ్ణుంచి మెల్లగా పైకెక్కుతుంది. తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం చక్కెర వదులుతుంది, దాన్ని అదుపుచేసే ఇన్సులిన్ మాలాంటి టైప్ 1 వాళ్లకి ఉండదు. ఆ గీత అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు, కాఫీ పెట్టి ఇచ్చింది. డాక్టరు గారు రాత్రి వేసుకునే ఇన్సులిన్ డోసు మార్చారు.

ఇక ఇబ్బందులు. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకని షుగర్ వేగంగా మారేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఇది తెలిసీ ఒకసారి దెబ్బతిన్నాను. షుగర్ పడిపోయి 58 చూపిస్తే గ్లూకోజు తాగాను. పావుగంటైనా 60 దగ్గరే ఉంది. టెన్షన్‌లో ఇంకో గ్లాసు, పైన రెండు సున్నుండలు. గంటలో 290! అప్పుడే ఒకసారి వేలు పొడిచి చూసుకుని ఉంటే సరిపోయేది. స్ట్రిప్పుల డబ్బా ఇప్పటికీ బ్యాగులో ఉంటుంది.

రాత్రి అలారాల సంగతి మా ఆయన్ని అడగాలి. రెండున్నరకి ఫోన్ మోగుతుంది, ఆయన కంగారుగా లేపుతారు, చూస్తే 54. వేలు పొడిస్తే 118. నేను సెన్సర్ ఉన్న చెయ్యి మీదే ఒత్తిగిలి పడుకున్నానన్నమాట. అలా నొక్కుకుపోతే తప్పుడు అంకె చూపిస్తుంది. అలాగని అలారం తీసేయలేం, నిజంగా షుగర్ పడిపోయే రాత్రులూ ఉంటాయి. ఇప్పుడు కుడి చేతికి పెట్టుకుని ఎడమవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాను.

మాది ఖమ్మం. మే నెల చెమటకి అంచులు లేచిపోతాయి, పైన ప్లాస్టర్ అంటించక తప్పదు. ఒకటి ఆరో రోజున జాకెట్టు తీస్తుంటే దాంతోపాటే ఊడి వచ్చింది. ఒక్కొక్కటి నాకు దాదాపు అయిదు వేలు పడుతోంది, పనిచేసేది 14 రోజులు. ఊడినప్పుడు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు.

షుగర్ నిలకడగా ఉంటుందని ఆశపడి కొనేవాళ్లకి ఒక మాట. నిన్న మూడు ఇడ్లీలకి 8 యూనిట్లు వేసుకుంటే 150 దగ్గర ఆగింది. ఇవాళ అవే ఇడ్లీలు, అదే చట్నీ, అవే 8 యూనిట్లు, 255. నిద్ర సరిగ్గా లేకపోయినా, నెలసరి దగ్గరపడినా ఇంతే. ఆ ఎక్కడం దిగడం సెన్సర్ ఆపదు, చూపిస్తుంది. మొదట్లో పది నిమిషాలకోసారి ఫోన్ చూసుకుని, 180 దాటగానే మళ్లీ ఇన్సులిన్ వేసుకుని, రెండు గంటల్లో షుగర్ పడగొట్టుకునేదాన్ని. ముందు వేసుకున్నది ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉంటుందని గుర్తు పెట్టుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

నెలంతా పెట్టుకునే స్తోమత లేదు. నెలకొకటి, మిగతా రోజులు పాత గ్లూకోమీటరే. వచ్చే వారం మా మరిది పెళ్లి. ఈ నెలది దానికోసం దాచాను, బిరియానీ తిన్న నాలుగు గంటలకి ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి.