వీఆర్‌లో పడవ ఆట: లెవెల్ ఆడేవాళ్లు ఎంచుకోవాలా, ఆటే సర్దుకోవాలా?

కోనసీమ కాలవలో పడవ నడిపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడేది) ఆట తయారుచేస్తున్నారనుకోండి. మనిషి పనిలో లీనమవ్వాలంటే సవాలు, నైపుణ్యం సరిజోడుగా ఉండాలని మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1970లలోనే చెప్పాడు. సవాలు ఎక్కువైతే టెన్షన్, తక్కువైతే విసుగు. ఆ తూకం ఎవరు చూడాలన్నదే ప్రశ్న: ఈజీ, హార్డ్ లాంటి లెవెల్ ఆడేవాళ్లే ఎంచుకోవాలా, ఆడే తీరు చూసి ఆటే కష్టాన్ని పెంచి తగ్గించుకోవాలా?

ఖర్చు: ఎంచుకునే లెవెల్స్ చౌక. సర్దుకునే ఆటకి తెడ్డు వేగం, గట్టుకి గుద్దుకున్న సార్లు, అన్నీ కొలవాలి. టెస్టింగ్ ఓ పట్టాన తెమలదు.

శ్రమ: మొదటిదాంట్లో మెనూ చూసి నొక్కాలి. రెండోదాంట్లో నేరుగా పడవెక్కడమే.

రిస్క్: లెవెల్స్ పెడితే, "గోదారోళ్లం, పడవ మాకు కొత్తా?" అని హార్డ్ నొక్కి, రెండు నిమిషాల్లో హెడ్‌సెట్ తీసేసేవాళ్లుంటారు. సర్దుబాటుతో చిక్కు వేరు: అది బయటపడకూడదు. లంక దగ్గర పడవ ఇరుక్కోగానే ప్రవాహం ఠక్కున నెమ్మదిస్తే, తనని కావాలని గెలిపిస్తున్నారని ఆడేవాడికి తెలిసిపోతుంది. అదే తర్వాతి మలుపులో గుర్రపుడెక్క కాస్త పలచబడితే ఎవరూ పట్టుకోలేరు. కష్టం పెంచాలని దృశ్యాన్ని మాత్రం ఊపేయకండి. కంటికి కదలిక కనిపించి ఒంటికి తెలియకపోతే వికారం పుడుతుంది.

సంక్రాంతి తీర్థంలో స్టాల్ అయితే లెవెల్సే నయం. ఐదు నిమిషాల్లో ఆట మనిషిని అంచనా వేయలేదు. స్టాల్ కుర్రాడే చూసి లెవెల్ పెట్టేస్తాడు. శిక్షణకీ అవే, అందరికీ ఒకే కొలత కావాలి కదా. ఇంట్లో రోజూ ఆడేదైతే సర్దుకునేదానికే నా ఓటు.